ఫైబర్ బోటులో చివికేది ఫైబర్ కాదు

1980 ప్రాంతంలో అమెరికాలో తయారైన 18 అడుగుల మోటారు బోటు ఒకటి అమ్మకానికి వచ్చిందనుకుందాం. రంగు కొద్దిగా వెలిసింది, సీట్లు చిరిగాయి, అంతకు మించి పైకి కనిపించే లోపమేదీ లేదు. అమరంలో, అంటే పడవ వెనుక కొనలో, మోటారు తగిలించిన గోడకు లోపలివైపు నుంచి, అడుగుకు నాలుగు వేళ్ల ఎత్తులో 3 మిల్లీమీటర్ల చిల్లు ఒకటి వేయాలి. డ్రిల్లు బిట్టు ముందుగా గాజుపొరను కోస్తూ తెల్లటి పొడి రాలుస్తుంది. ఆ తర్వాత లేత పసుపు రంగు కొయ్యపొట్టు పొడిపొడిగా రావాలి. చాలా పాత బోట్లలో అది రాదు. కాఫీ మడ్డిలాంటి నల్లటి ముద్ద బిట్టుకు చుట్టుకుని వస్తుంది. దాని వెనుకే, పులిసిన వాసనతో గోధుమ రంగు నీరు కారడం మొదలవుతుంది. కొన్ని బోట్లలో ఆ కారడం మర్నాటికి గానీ ఆగదు.

చెక్క పడవలా ఇది చివకదన్న నమ్మకంతోనే ఎక్కువమంది ఫైబర్ బోటు కొంటారు. ఆ నమ్మకంలో సగమే నిజం. గాజునార చివకదు. కానీ ఆ గాజునార పొరల మధ్య కొయ్య ఉందన్న సంగతి కొనేవారిలో చాలామందికి తెలియదు. పాత ఫైబర్ బోటుకు వచ్చే పెద్ద జబ్బులు దాదాపు అన్నీ ఆ దాగిన కొయ్యవే. ఆ కొయ్యకు నీరు చేరే దారులు దాదాపు అన్నీ మనుషులు వేసిన చిల్లులే. ఈ రెండు సంగతులూ మనసులో పెట్టుకుని చూస్తే ఏ లోపం ఎక్కడ పుట్టిందో, ఏ మరమ్మతు నిలుస్తుందో, ఏది రెండేళ్లు తిరగకుండానే మళ్లీ మొదటికి వస్తుందో తేల్చుకోవడం కష్టం కాదు.

బలం ఉంది, బిగువు లేదు

గాజునారను పాలిస్టర్ రెజిన్‌తో (ఆరాక గట్టిపడే జిగురులాంటి ద్రవంతో) తడిపి, అచ్చులో పొరలు పొరలుగా పరిచి పడవను తీసే పద్ధతి రెండో ప్రపంచయుద్ధ కాలంలో మొదలైంది. ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో రే గ్రీన్ 1942లో ఇలాంటి చిన్న పడవ ఒకటి తయారుచేశారు. ఈ కొత్త పదార్థం ఎన్నాళ్లు నిలుస్తుందో అప్పట్లో ఎవరికీ తెలియదు. అమెరికా కోస్ట్ గార్డ్ 1950ల మొదట్లో 40 అడుగుల ఫైబర్ గస్తీ పడవలను వాడుకలోకి తెచ్చింది. పదేళ్ల తర్వాత ఒకసారి, ఇరవై ఏళ్ల తర్వాత మరోసారి అలాంటి పడవ నుంచి ముక్కలు కోసి పరీక్షిస్తే, వాటి బలం చెప్పుకోదగినంతగా తగ్గలేదని తేలింది. ఎంత మందం సరిపోతుందో తెలియని ఆ తొలి కాలపు తయారీదారులు గాజును ధారాళంగా వాడారు. రెజిన్ పెట్రోలియం నుంచి వచ్చే సరుకు. 1973 చమురు సంక్షోభంతో దాని ధర పెరిగాక పొదుపు మొదలైంది, పొరలు పలచబడ్డాయి. అందుకే 1960ల బోటు అడుగు మీద తట్టి చూసినవారికి 1980ల బోటు తేలిగ్గా తోస్తుంది.

మరి అంత మన్నిక ఉన్న గాజునార మధ్య కొయ్యను ఎందుకు పెట్టారు? గాజుపొర తెగదు గానీ వంగుతుంది. చేతితో పరిచిన మామూలు గాజుపొర బిగువు ఉక్కు బిగువులో సుమారు పదిహేనో వంతు మాత్రమే. పలకకు బిగువు రావాలంటే మందం పెంచడమే దారి, మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. ఆ మందమంతా గాజుతో తేవాలంటే పడవ బరువెక్కుతుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది. రెండు పలుచటి గాజుపొరల మధ్య ప్లైవుడ్ పెడితే అదే మందం చౌకగా, తేలిగ్గా వస్తుంది. ఔట్‌బోర్డ్ మోటారు తగిలించే వెనుక గోడలో, దీన్నే ట్రాన్సమ్ అంటారు, సుమారు 38 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అలాగే వచ్చి చేరింది. ఇంజను లోపల ఉండి, ప్రొపెల్లర్ భాగం గోడకు బయట ఉండే స్టెర్న్‌డ్రైవ్ బోట్లలో ఆ గోడ మందం 50 మిల్లీమీటర్లు దాటుతుంది. పడవ అడుగును వంగకుండా పట్టి ఉంచడానికి అణియం (ముందు కొన) నుంచి అమరం దాకా సాగే పొడవాటి దూలాలూ (స్ట్రింగర్లు), వాటి మీద కాళ్లు పెట్టి నిలబడే డెక్కూ కొయ్యతోనే చేసి పైన గాజు చుట్టారు.

ఈ ఏర్పాటులో తప్పేమీ లేదు. పొడిగా ఉన్న ప్లైవుడ్ దశాబ్దాల పాటు పనిచేయగలదు. పొడిగా ఉంచడంలోనే తయారీదారులూ యజమానులూ ఇద్దరూ ఓడిపోయారు.

పొరల మధ్య కొయ్య చివికిపోతే ఏమవుతుందో ఒక్క క్షణం ఆలోచిస్తే ప్రమాదం అర్థమవుతుంది. రెండు గాజుపొరలూ బాగానే ఉంటాయి, కానీ వాటిని కలిపి పట్టి ఉంచే నడిమి భాగం మాయమవుతుంది. అంటే ఒక మందపాటి పలక రెండు పలుచటి రేకులుగా విడిపోయినట్లే. 100 హార్స్‌పవర్ దాటిన పాతకాలపు ఔట్‌బోర్డ్ 130 నుంచి 150 కిలోల దాకా తూగుతుంది. అది గోడకు బయట వేలాడుతూ, ప్రతి అల దెబ్బకూ ఆ గోడను ఊపుతుంది. నీటిలో కంటే రోడ్డు మీద ఈ ఊపు ఎక్కువ. ట్రెయిలర్ మీద మోటారును పైకి ఎత్తి కట్టి వంద కిలోమీటర్లు లాక్కుపోతే, గుంత గుంతకూ ఆ బరువు గోడను మీటలా విరచబోతుంది. మోటారు కాలికీ ట్రెయిలర్ చట్రానికీ మధ్య ఒక ఊతకర్ర పెట్టడం ఇందుకే. దాన్ని అనవసరపు ఖర్చు అనుకునేవారు గోడ మార్చడానికి ఎంతవుతుందో ఒకసారి విచారించాలి.

సముద్రంలో కాదు, పెరట్లో

కొయ్యను తినేది నీరు కాదు, శిలీంధ్రం. దానికి తడి కావాలి, గాలి కావాలి, వెచ్చదనం కావాలి. పూర్తిగా మునిగిన కొయ్యలో గాలి ఉండదు కాబట్టి అది చాలాకాలం నిలుస్తుంది. సగం తడిసి, ఆరే వీలులేని మూలలో ఉన్న కొయ్య తొందరగా పోతుంది. ఉప్పునీరు శిలీంధ్రానికి గిట్టదు. ఆవకాయను ఉప్పు కాపాడినట్లే కొయ్యనూ కొంతవరకు కాపాడుతుంది. పాత రోజుల్లో అమెరికాలో ఓడలు కట్టేవారు పక్కటెముకల్లాంటి దూలాల మధ్య రాతి ఉప్పు దట్టించేవారు. అసలు శత్రువు వాననీరు.

అందుకే నిత్యం సముద్రానికి వెళ్లే బోటు కంటే, ఏడాదిలో పది నెలలు ఇంటి పెరట్లో ట్రెయిలర్ మీద నిలబడిన బోటు ఎక్కువగా చివుకుతుంది. పైన కప్పిన టార్పాలిన్ కుంగి నీరు నిలుస్తుంది, ఏదో ఒక చిరుగులోంచి లోపలికి కారుతుంది. ఆకులు కుళ్లి నీరు పోయే దారిని మూస్తాయి. ట్రెయిలర్ ముందుభాగం కాస్త కిందికి వంగి ఉంటే ఆ నీరు వెనుక ఉన్న తూము దాకా రాకుండా మధ్యలోనే మడుగు కడుతుంది. డెక్కు కింద ఏముందో ఎవరూ చూడరు, చూడడానికి మూత కూడా ఉండదు.

ఆ మడుగు కొయ్యలోకి ఎలా దిగుతుంది? గాజుపొరలోంచి కాదు. సీటు బిగించిన స్క్రూ, లోతు చూపే పరికరం కోసం వేసిన చిల్లు, ఈతకు దిగే నిచ్చెన బోల్టులు, మోటారు బోల్టులు, అన్నిటికంటే ముఖ్యంగా నీరు వదిలే తూము. ఆ తూము చిల్లులో ఒక పలుచటి ఇత్తడి గొట్టం ఉంటుంది. గొట్టం అంచులను రెండువైపులా మడిచి బిగిస్తారు. దాని చుట్టూ ఉన్న ప్లైవుడ్ అంచు చాలా బోట్లలో ఏ పూతా లేకుండా పచ్చిగా ఉంటుంది. ప్లైవుడ్ పొరల అంచు నీటిని తాగినంతగా దాని ముఖం తాగదు. ఇత్తడి గొట్టం కాలక్రమంలో పగిలిందంటే, తూములోంచి పోవలసిన ప్రతి చుక్కా దారిలో కొయ్యను పలకరించి పోతుంది. వెనుక గోడ చివకడం సాధారణంగా అట్టడుగున, ఈ తూము పక్కనే మొదలవుతుంది. పైన మోటారు బిగించిన చోట కొయ్య గట్టిగానే ఉండి, కింద జానెడు మేర మట్టిగా మారిన గోడలు ఎన్నో.

డెక్కు కింద పోసిన ఫోమ్ ఈ కథలో మరో పాత్ర. అమెరికాలో 1970ల నుంచి 20 అడుగుల లోపు బోట్లు నీరు నిండినా తేలాలన్న కోస్ట్ గార్డ్ నిబంధనలు వచ్చాయి. ప్రాణాలు కాపాడే నిబంధనలవి, వాటిని తప్పుపట్టడానికి లేదు. అయితే దూలాల మధ్య పోసిన పాలియురిథేన్ ఫోమ్ ఏళ్ల తరబడి నీటిలో నానితే మెల్లగా నీరు తాగుతుంది. ఘనమీటరుకు 32 కిలోలు తూగే ఈ ఫోమ్ బోటులో 0.3 ఘనమీటర్లు ఉందనుకుంటే, పొడిగా ఉన్నప్పుడు దాని బరువు 10 కిలోలు. అందులో సగం రంధ్రాలు నీటితో నిండినా 150 కిలోలు అదనం, అంటే ఇద్దరు పెద్దవాళ్లు ఎప్పుడూ డెక్కు కింద కూర్చుని ప్రయాణం చేస్తున్నట్లు. పైగా ఆ తడి ఫోమ్ పక్కనున్న దూలాలకు తడిగుడ్డలా అతుక్కుని ఉంటుంది. పాత బోటు వేగం తగ్గిందని, ఇంధనం ఎక్కువ తాగుతోందని ఇంజనును విప్పేవారు ముందుగా బోటును తూకం వేయించడం మేలు.

1958లో మొదలైన బాస్టన్ వేలర్ బోట్లు దీనికి వేరే దారి చూపాయి. లోపలి, బయటి గాజుపొరల మధ్య ఫోమ్ నింపి రెండింటినీ ఒకటిగా అతికించారు. బోటును రంపంతో రెండు ముక్కలు చేసినా తేలడం 1961లో లైఫ్ పత్రికలో వచ్చిన ఫొటోల్లో జనం చూశారు. అక్కడ ఫోమే నిర్మాణానికి ప్రాణం. అలాంటి బోటుకు చిల్లు వేసి సీల్ చేయకుండా వదిలేస్తే నష్టం ఇంకా పెద్దది, ఎందుకంటే తడిసిన ఫోమ్‌ను బయటికి తీసి కొత్తది పోయడానికి అక్కడ డెక్కు విప్పే వీలు కూడా ఉండదు.

కుండ వాయించి చూసినట్లు

లోపాన్ని కనిపెట్టడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. కుండ కొనేటప్పుడు వేలితో వాయించి చూసినట్లే, ప్లాస్టిక్ పిడి ఉన్న చిన్న సుత్తితో వెనుక గోడను అంగుళం అంగుళం తట్టుకుంటూ పోవాలి. మంచి చోట టక్కుమని కరుకైన శబ్దం వస్తుంది, సుత్తి చేతిలోకి ఎగిరి వస్తుంది. చివికిన చోట దబ్బుమంటుంది, సుత్తి అక్కడే ఆగిపోతుంది. ఆ తేడా పది నిమిషాల్లో చెవికి అలవాటవుతుంది. మోటారును కిందికి దించి, దాని కాలిని పట్టుకుని పైకీ కిందికీ గట్టిగా ఊపితే గోడ పైఅంచు కదలకూడదు. కదిలినా, మోటారు ముందున్న తొట్టి మూలల్లో పగుళ్లు తెరుచుకుని మూసుకున్నా ఇక అనుమానం అక్కర్లేదు. డెక్కు మీద నడుస్తుంటే కాలి కింద పరుపులా దిగితే ప్లైవుడ్ పోయినట్లే. ఏదైనా ఒక స్క్రూ విప్పి చూస్తే అది చెప్పే నిజం కూడా తక్కువది కాదు. నల్లబడి, తడిగా, చేత్తోనే ఊడివచ్చే స్క్రూ లోపలి కొయ్య సంగతి చెప్పకనే చెబుతుంది.

తేమను కొలిచే మీటర్లు ఉన్నాయి. వాటి అంకెను ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పడం సరికాదు. పై రంగులో లోహం ఉన్నా, లోపల ఇంధన ట్యాంకు దగ్గరగా ఉన్నా అవి తప్పు చెబుతాయి. చివరి మాట చిన్న చిల్లుదే. దాన్ని లోపలివైపు నుంచి వేయాలి, పని అయ్యాక ఎపాక్సీతో (పాలిస్టర్ కంటే గట్టిగా అతుక్కునే మరో రకం రెజిన్‌తో) నింపాలి.

జెల్‌కోట్ మీద పగుళ్లు కనిపించగానే భయపడనవసరం లేదు. జెల్‌కోట్ అర మిల్లీమీటరు మందం ఉండే రంగుపొర, దానికి సాగే గుణం తక్కువ. ఏదైనా తగిలిన చోట చుక్క చుట్టూ నక్షత్రంలా చీలితే అది చాలావరకు పైపొర గాయమే. ఒకే గీతలో, లోపలి దూలం వెంబడి సాగే పగులు వేరు. లోపల గట్టి అంచు మీద అడుగు పదేపదే మడతపడుతోందని దానర్థం. అలాంటి పగులును జెల్‌కోట్‌తో పూస్తే అదే గీత వచ్చే ఏడు మళ్లీ తేలుతుంది. నిరంతరం నీటిలోనే ఉండే బోట్ల అడుగున వచ్చే బొబ్బల గురించి 1980లలో చాలా కలవరం రేగింది, రోడ్ ఐలాండ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన కూడా జరిగింది. నీరు జెల్‌కోట్‌ను దాటి, రెజిన్‌లో చర్య జరగకుండా మిగిలిన రసాయనాలతో కలిసి లోపల ఒత్తిడి పెంచుతుంది. బొబ్బను గుచ్చితే ఘాటైన వాసనతో పుల్లటి ద్రవం చిమ్ముతుంది. చూడడానికి అసహ్యంగా ఉన్నా, బొబ్బల వల్ల మునిగిన పడవలు అరుదు. ట్రెయిలర్ మీద ఉండే బోటుకు వీటి బెడద దాదాపు లేదు.

మన తీరంలో

ఆంధ్ర తీరంలో ఫైబర్ బోటు సరదా వస్తువు కాదు, జీవనాధారం. అలల్లోంచి నేరుగా ఇసుక మీదికి వచ్చే ఫైబర్ పడవల రూపకల్పన మీద 1980లలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ బంగాళాఖాత కార్యక్రమం మద్రాసు కేంద్రంగా పనిచేసింది. 2004 సునామీ తర్వాత తూర్పు తీరమంతటా వచ్చిన సాయంలో ఫైబర్ బోట్లు పెద్దసంఖ్యలో ఉన్నాయి. కొయ్య దుంగల తెప్పల స్థానంలో ఫైబర్ తెప్పలు వచ్చాయి.

వీటి జబ్బులు అమెరికా బోట్ల జబ్బుల్లాంటివి కావు. లోపల మూసేసిన డెక్కు తక్కువ, రోజూ ఉప్పునీరు తగులుతుంది కాబట్టి కొయ్య చివకడం కొంత నెమ్మది. వీటిని దెబ్బతీసేది ఇసుక. రోజూ ఒడ్డుకు లాగడంతో అడుగున వెన్నులా ఉండే గట్టు అరిగిపోయి జెల్‌కోట్ పోతుంది, గాజునార తెల్లటి నూలుపోగుల్లా బయటికి వేలాడుతుంది. ఆ పోగులు దీపం ఒత్తి నూనెను పీల్చినట్లు నీటిని లోపలికి పీలుస్తాయి. ఒడ్డుకు చేరేటప్పుడు అల ఎత్తి కుదేస్తే పక్కల్లో పొరలు విడిపోతాయి. ఇక్కడా మోటారు బిగించే చోట కొయ్య లేదా ప్లైవుడ్ పెట్టడం పరిపాటి. ఆ చిల్లుల కథ మాత్రం ప్రపంచంలో ఎక్కడైనా ఒక్కటే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మోటారు బోట్లకు వేట నిషేధం. పెద్ద మరమ్మతులకు దొరికే కాలం అదే, కానీ రెజిన్ పనికి అంత అనువైన కాలం కాదు. నడిఎండలో పాలిస్టర్ రెజిన్‌కు హార్డెనర్ మామూలు పాళ్లలో, అంటే 2 శాతం దాకా కలిపితే అది బకెట్టులోనే పొగలు కక్కుతూ గడ్డకడుతుంది. ఆ వేడికి హార్డెనర్‌ను 1 శాతం దగ్గర ఉంచి, తెల్లవారుజామున గానీ సాయంత్రం గానీ నీడలో పని చేసుకోవాలి. అంతకంటే ముందు చేయవలసిన పని ఒకటుంది, చాలాచోట్ల దాన్నే వదిలేస్తారు. అరిగిన భాగాన్ని మంచినీటితో రెండుమూడుసార్లు కడిగి ఆరనివ్వాలి. గాజుపోగుల్లో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను లాగుతూనే ఉంటుంది. దాని మీద వేసిన కొత్త పొర కొద్ది నెలల్లోనే అట్టలా లేచి వస్తుంది.

పైపూతల మోసం

మరమ్మతుల్లో ఎక్కువ డబ్బు తగలేసేది పని చేయని మరమ్మతులే. చివికిన గోడకు వరుసగా చిల్లులు వేసి పలుచటి ఎపాక్సీ పోస్తే లోపలంతా ఇంకి రాయిలా మారుతుందని ప్రచారం ఉంది. తడి కొయ్యలోకి ఎపాక్సీ ఇంకదు, నీరు నిండిన చోట దానికి చోటే లేదు. అది చిల్లు చుట్టూ గోళీలా గట్టిపడి ఆగుతుంది, మిగిలిన కొయ్య తన దారిన తాను చివుకుతూనే ఉంటుంది. గోడకు రెండువైపులా అల్యూమినియం రేకు బిగించి బోల్టులు వేయడం మరో పద్ధతి. రేకు వెనుక తడి ఇంకా బాగా దాక్కుంటుంది, పైగా కొత్తగా పది చిల్లులు. మెత్తబడిన డెక్కు మీద కొత్త ప్లైవుడ్ పరిచి పైన తివాచీ అతికించడం అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే కొనేవాడి కాలికి నిజం తెలియకుండా చేస్తుంది. ఇలా చేసి అమ్మడాన్ని చిన్న కిటుకుగా చూడడం తప్పు. గోడ ఊడి మోటారు నీటిలో పడితే బోటు నిమిషాల్లో మునిగే అవకాశం ఉంది, అప్పుడు అందులో పిల్లలుండవచ్చు.

అన్ని పాత బోట్లూ బాగుచేయదగినవీ కావు. గోడ ఒక్కటే పోయిందా, దూలాలూ డెక్కూ కూడా పోయాయా అన్నది ముందు తేల్చాలి. మూడూ పోతే బోటును దాదాపు కొత్తగా కట్టడమే. అందులో మిగిలేది అడుగు ఆకారం మాత్రమే. ఆ ఆకారం మీద ప్రేమ ఉన్నవారికి ఆ పని సార్థకం, చవకగా బోటు దొరుకుతుందనుకున్నవారికి కాదు. వదిలేసిన ఫైబర్ బోట్లు కుళ్లవు, కాల్చకూడదు, కరిగించి మళ్లీ వాడే వీలూ లేదు. ఫ్రాన్స్ 2019లో వీటిని సేకరించి విడగొట్టేందుకు ప్రత్యేక వ్యవస్థ పెట్టుకోవలసి వచ్చింది. ఒక మంచి అడుగును మరో ముప్పై ఏళ్లు నడిపించడంలో ఆ మేరకు ప్రయోజనం ఉంది.

గోడ మార్చడం

వెనుక గోడ మార్పిడిని దగ్గరగా చూద్దాం. ముందుగా మోటారు దించాలి, బోటును సమతలంగా, అడుగంతా ఆనేలా నిలపాలి. ఇది తొందరలో దాటేయకూడని మెట్టు. లోపలి దూలాలు తీసేశాక అడుగు మెత్తటి డొప్పలా ఉంటుంది, కింద ఊతం ఎలా ఉంటే అలా వంగి, కొత్త దూలాలు పడగానే ఆ వంపుతోనే బిగుసుకుపోతుంది. అమరం దగ్గర అడుగు కొద్దిగా లోపలికి వంగినా చాలు, పరుగులో అణియం నీటిలోకి దిగబడుతూ బోటు వేగాన్ని మింగేస్తుంది. దాన్ని తర్వాత సరిచేయడం అసాధ్యమనే చెప్పాలి. అందుకే దూలాలను అన్నిటినీ ఒక్కసారి పీకకుండా ఒకటి తీసి, కొత్తది వేసి, ఆ తర్వాతే రెండోదాని జోలికి వెళ్లాలి.

గోడ లోపలి గాజుపొరను గ్రైండరుతో కోసి తీస్తే కొయ్య కనిపిస్తుంది. పైభాగం ఉలికి లొంగకుండా గట్టిగా ఉంటుంది, కింద భాగం గరిటెతో తోడినట్లు వస్తుంది. గట్టిగా ఉందని పైభాగాన్ని ఉంచేయాలనిపిస్తుంది. ఉంచకూడదు, శిలీంధ్రం కంటికి కనిపించే నలుపు కంటే చాలా ముందుకు పాకి ఉంటుంది. కొయ్యంతా తీశాక బయటి గాజుపొర లోపలి ముఖాన్ని 36 లేదా 40 నంబరు గరుకు డిస్కుతో మెరుపు పోయేదాకా రుద్దాలి. గాజుధూళి చర్మంలో గుచ్చుకుంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. మంచి మాస్కు, కళ్లద్దాలు, ఒంటినిండా బట్టలు లేకుండా ఈ పనికి దిగకూడదు. ఆ తర్వాత కొన్నాళ్లు ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. ఎక్కువమంది ఓపిక పట్టలేనిది ఇక్కడే.

అట్టముక్కతో గోడ ఆకారం తీసుకుని, 19 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ పలకలు రెండు కోసి, ఎపాక్సీతో ఒకదానికొకటి అతికిస్తే 38 మిల్లీమీటర్లు వస్తుంది. పలక అంచులకు ఎపాక్సీ పూస్తే తాగేస్తాయి, మళ్లీ పూయాలి, అవి తాగడం మానేదాకా పూయాలి. కొయ్య వద్దనుకుంటే గాజునార కలిపిన పాలియురిథేన్ ఫోమ్ పలకలు దొరుకుతాయి. అవి చివకవు, ధర మాత్రం ప్లైవుడ్‌కు కొన్ని రెట్లు. చిల్లులను శ్రద్ధగా మూసే యజమానికి ప్లైవుడ్ చాలు.

పలకను గోడకు అతికించే ఎపాక్సీలో సిలికా పొడి కలిపి గారెల పిండిలా చేయాలి, తిరగేసినా జారకూడదు. దాన్ని పళ్ల గరిటెతో గోడంతా పరిచి పలకను అద్ది, పాత బోల్టు చిల్లుల గుండానే బోల్టులు వేసి, బయట అడ్డపట్టీలు పెట్టి బిగించాలి. నాలుగు అంచుల వెంబడీ ముద్ద కొద్దిగా పొంగి రావాలి. పొంగని చోట లోపల ఖాళీ ఉందని అర్థం, ఆ ఖాళీ రేపటి నీటిగూడు. వడ్రంగి పనిలో అలవాటైన బలమంతా పెట్టి బిగించడం ఇక్కడ పనికిరాదు. అలా చేస్తే ఎపాక్సీ అంతా బయటికి పోయి అతుకు ఎండిపోతుంది.

గోడకూ అడుగుకూ మధ్య మూల ఉంది కదా, అక్కడ గాజుబట్ట నేరుగా మడవకూడదు. అదే ముద్దతో మూలను గుండ్రంగా పూసి, అది పూర్తిగా గట్టిపడకముందే బట్ట వేయడం మొదలుపెట్టాలి. మూడు నాలుగు పొరలు, ఒక్కొక్కటీ కిందిదాని కంటే రెండంగుళాలు వెడల్పుగా, అడుగు మీదా పక్కల మీదా కనీసం ఆరంగుళాలు ఎక్కేలా. పాత గాజుపొర అంచుతో కలిసే చోట ఆ అంచును మందానికి 12 రెట్ల వెడల్పున ఏటవాలుగా చెక్కాలి. 6 మిల్లీమీటర్ల పొరకు 72 మిల్లీమీటర్లు. గోడ మోసే బరువంతా ఈ ఏటవాలు గుండానే అడుగుకు చేరుతుంది కాబట్టి, కొత్త ప్లైవుడ్ ఎంత మంచిదైనా ఇక్కడ పిసినారితనం చూపితే అంతా వృథా.

రెజిన్ ఏది వాడాలన్న వాదం ఎడతెగనిది. కొత్త బోటు అచ్చులో పాలిస్టర్ చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే ఒక పొర పూర్తిగా ఆరకముందే రెండో పొర పడి రెండూ రసాయనికంగా కలిసిపోతాయి. నలభై ఏళ్ల కిందట ఆరిపోయిన పొర మీద ఆ కలయిక ఉండదు, మిగిలేది జిగురు పట్టు మాత్రమే. ఆ పట్టులో, కొయ్యకు అతుక్కోవడంలో, ఆరేటప్పుడు ముడుచుకోకపోవడంలో ఎపాక్సీదే పైచేయి. ఖర్చు ఎక్కువైనా గోడకూ దూలాలకూ ఎపాక్సీయే సరైనది. ఒక్క జాగ్రత్త: మామూలు గాజుమ్యాట్‌లో నారను పట్టి ఉంచే జిగురు పాలిస్టర్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రావకంలోనే కరుగుతుంది, ఎపాక్సీలో కరగదు. ఎపాక్సీ వాడేటప్పుడు కుట్టుతో పట్టి ఉంచిన గాజుబట్ట తీసుకోవాలి.

ఇక మిగిలింది చిల్లులు. కొత్త గోడకు మోటారు బోల్టు కోసం 13 మిల్లీమీటర్ల చిల్లు కావాలంటే ముందు 20 మిల్లీమీటర్లది వేయాలి. దాన్ని ఎపాక్సీ ముద్దతో నింపి, గట్టిపడ్డాక, సరిగ్గా నడిమధ్యలో 13 మిల్లీమీటర్ల చిల్లు వేయాలి. అప్పుడు బోల్టు చుట్టూ కొయ్య ఎక్కడా కనిపించదు, సీలెంట్ ఎప్పటికైనా విడిపోయినా నీటికి తగిలేది ఎపాక్సీ గొట్టమే. తూముకూ ఇంతే. లోతు చూపే పరికరం, నిచ్చెనలాంటి వాటి కోసం గోడ మీద ఒక ప్లాస్టిక్ పలకను జిగురుతో అతికించి, స్క్రూలను ఆ పలకలోకే, దాని మందం దాటకుండా బిగించాలి. తర్వాత పరికరాలు ఎన్నిసార్లు మారినా కొత్త చిల్లులు ఆ పలకలోనే పడతాయి, గోడ జోలికి వెళ్లవు.